సుధకు అమ్మ రాసిన ఉత్తరం

చి. సుధకు,

అమ్మ ఆశీస్సులతో రాసేది. ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. చిన్నాడికి పరీక్షలయ్యాయి, రోజంతా నీ గదిలోనే ఉంటున్నాడు. నీ పుస్తకాల జోలికి వెళ్ళవద్దని గట్టిగానే చెప్పాను. సరళ పిన్ని వచ్చి వెళ్ళింది. మాటల్లో మాటగా, ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో నువ్వు పొద్దున ఏమీ తినవనీ, సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళతో సరిపెడతావనీ చెప్పింది. దాన్ని కోప్పడకు, నీ మీద బెంగతోనే నా చెవిన వేసింది. ఈ ఉత్తరం అందుకోసం కాదు. చాలా రోజులైందని రాస్తున్నాను. ఫోనులో నువ్వు "బాగున్నానమ్మా" అనగానే నేను అడగాలనుకున్నవి గొంతులోనే ఉండిపోతాయి.

నీ గది కిటికీ బాగు చేయించాం. బల్ల అటు జరిపించాను, నువ్వు వచ్చినప్పుడు వెలుతురు పడుతుంది.

ఆపరేషన్ తరవాత పొట్టకు తగిలించుకుంటున్న ఆ బ్యాగు, నీళ్ళు తాగకపోతే నిండదని నీకెవరు చెప్పారమ్మా? చిన్నపేగు దాటి వచ్చిన నీళ్ళనూ ఉప్పునూ తిరిగి ఒంట్లోకి తీసుకునేది పెద్దపేగు. నీకిప్పుడు తిన్నది అంతదూరం వెళ్ళకుండానే చిన్నపేగు నుంచి బయటికి వచ్చేస్తోంది. పస్తున్నా పేగుల్లో రసాలు ఊరుతూనే ఉంటాయి. పైగా ఖాళీ కడుపుతో ఉంటే మరింత పలచగా, గాలితో కలిసి వస్తుంది. ఉత్త నీళ్ళు ఒక్కసారిగా తాగినా లాభం లేదు, వాటితో ఉప్పు కూడా పోతుంది. కాస్త కాస్త తినాలి, రోజంతా తాగుతూ ఉండాలి, డాక్టరుగారు చెప్పిన ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోవాలి. మూత్రం ముదురు రంగులో వస్తోందా? లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయా? ఇవి మాత్రం దాచకు.

ఆసుపత్రిలో ఒకావిడ నిన్ను చూడడానికి వచ్చారు, గుర్తుందా? నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఒళ్ళంతా నొప్పిగా ఉన్న మనిషి కొత్తవాళ్ళతో ఏం మాట్లాడుతుంది? ఆవిడా ఏమీ అనుకోలేదు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడారు. ఆవిడకు ఇలియోస్టమీ, అదే చిన్నపేగును పొట్ట మీదికి తెరిచే నీ ఆపరేషన్, అయ్యేనాటికి కొడుకు బడికి కూడా వెళ్ళడం లేదట, ఇప్పుడు ఆ అబ్బాయికే పిల్లలున్నారు. మొదటి ఏడాది ఆవిడా అచ్చం ఇలాగే, బయటికి వెళ్ళాలంటే ముందు రోజు నుంచే తిండి మానేసేవారట. ఒకరోజు బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయారు. సెలైన్ ఎక్కించి పంపించారు. ఆ తరవాత ఇంట్లో వాళ్ళు ఎంత బతిమాలినా గడప దాటలేదు. చివరికి అదే ఆపరేషన్ అయిన ఇంకొకావిడ ఇంటికి వచ్చి, ఏ ఉపదేశమూ చెయ్యకుండా, "రండి, బ్యాగు ఎలా మారుస్తారో చూపించండి" అన్నారట. వచ్చినావిడ మొదట చేసిన పని, కొత్త ఫ్లాంజును, అంటే బ్యాగు నిలిచేలా చర్మానికి అంటించే బిళ్ళను, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చగా అయ్యేదాకా పట్టుకోవడం. అలా చేస్తే చర్మానికి మెత్తగా అంటుకుంటుంది. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు మారిస్తే స్టోమా, అదే పొట్ట మీద తెరిచిన పేగు నోరు, నెమ్మదిగా ఉంటుందని చెప్పారు. బ్యాగు ఖాళీ చేసేముందు కమోడ్‌లో కాగితం ముక్క వేస్తే చిందదనీ, నలుగురిలో ఉన్నప్పుడు శబ్దం వచ్చేలా ఉంటే చేతిని అక్కడ మెల్లగా ఆనించాలనీ కూడా. ఇదంతా చెబుతూ ఈవిడ నా ఎదుట అరచేతులు కలిపి చూపించారు. ఆ చేతుల్లో తొందర లేదు సుధా. నేను చూస్తూ ఉండిపోయాను.

ఆవిడే ఇంకో సంగతి చెప్పారు. స్టోమా ఉన్నవాళ్ళకు ఇవన్నీ నేర్పే పనికి దారి వేసినది నోర్మా గిల్ అనే ఆవిడట. నర్సు కూడా కాదు, తానే ఇలియోస్టమీ అయిన మనిషి. ఆవిడకు ఆపరేషన్ చేసిన సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆవిడనే పనిలోకి తీసుకున్నారు. 1961లో అక్కడే ఇద్దరూ కలిసి ఆ శిక్షణకు బడి పెట్టారు. నిన్ను చూసే స్టోమా నర్సు నేర్చుకున్న విద్యకు మొదలు ఒక రోగి! ఇది విన్నప్పటి నుంచి నాకు గొప్ప ధైర్యంగా ఉంది.

నేను నీ పక్కన ఉన్నాను, చర్మం తుడిచాను, ఎర్రగా తడిగా ఉన్న ఆ స్టోమాను ముట్టుకున్నాను. అయినా బ్యాగు పెట్టుకుని నలుగురి మధ్య కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అది తెలిసినవాళ్ళు, నీలాగే బ్యాగు ఉన్నవాళ్ళు, నెలనెలా కలుస్తున్నారు. వెళ్ళి ఓ మూల కూర్చో, మాట్లాడకపోయినా పరవాలేదు. సిగ్గుపడవలసిన పని నువ్వేమీ చెయ్యలేదు. ప్రాణం నిలిపిన ఆపరేషన్ అది. మనిషికి మనిషి తోడు కావాలి, ఒంటరిగా గదిలో కూర్చుంటే చిన్న భయం కూడా... సరే, మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. నువ్విప్పుడు ఉత్తరం మడిచి పక్కన పెడతావు. పెట్టకు, అసలు అడగాలనుకున్నది ఇంకా అడగలేదు.

ఆఫీసులో ఎప్పుడైనా బ్యాగు కారిందా? పిన్ని చెప్పలేదు, నా అనుమానమే. ఆపరేషన్ తరవాత ఆరు నుంచి ఎనిమిది వారాలదాకా స్టోమా కుంచించుకుపోతూ ఉంటుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కొలతతోనే ఫ్లాంజును ఇంకా కత్తిరిస్తూ ఉంటే దాని రంధ్రం పెద్దదై, చుట్టూ చర్మం మీద రసం పడి ఒరుసుకుపోతుంది, అంటుకోదు, కారుతుంది. మళ్ళీ కొలుచుకో. స్టోమాకంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యి, బరువుకు లాగేదాకా ఉంచకు. చర్మం ఇప్పటికే మండుతుంటే సొంత వైద్యం వద్దు, నర్సుకు చూపించు. వేసుకున్న మాత్ర ఎప్పుడైనా బ్యాగులో అలాగే కనిపిస్తే డాక్టరుగారికి చెప్పు, కొన్ని మాత్రలు కరిగేలోపే బయటికి వచ్చేస్తాయి.

ఆఫీసు వాళ్ళు పంపే ప్రయాణం వద్దంటున్నావని నాన్నగారు అన్నారు. ఎందుకమ్మా వద్దనడం? వెళ్ళు. బ్యాగులు, పౌడరు, మెత్తటి గుడ్డలు మామూలుగా పట్టేవాటికి రెట్టింపు సర్దుకో. అన్నీ చేతి సంచిలోనే ఉండాలి, విమానంలో విడిగా వేసే పెట్టెలో కాదు. కత్తెర లోపలికి రానివ్వకపోవచ్చు, ఫ్లాంజులు ఇంట్లోనే కత్తిరించుకో. నడవ పక్క సీటు అడుగు. మార్చుకునే బట్టలు ఒక జత పైనే పెట్టుకో.

ఆసుపత్రికి వచ్చిన ఆవిడ నంబరు కాగితం వెనక రాశాను. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటారట. నువ్వు ఫోను చేస్తావని నేను చెప్పేశాను.

ఇట్లు,
అమ్మ