వేళ్లు తెల్లబడితే తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

నాలుగేళ్లు నా జబ్బుకు పేరే లేదు. పొద్దున లేచేసరికి వేళ్ల కీళ్లు బిగుసుకుపోయేవి. గంట గడిస్తే గానీ సీసా మూత తిప్పలేకపోయేదాన్ని. చన్నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు సున్నంలా తెల్లబడి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారేవి. దీన్ని రేనాడ్స్ అంటారని అప్పుడు తెలీదు. నోట్లో పుళ్లు, ఎండలోకెళితే దద్దుర్లు, ఎంత పడుకున్నా తీరని నీరసం. ఒక్కో బాధకు ఒక్కో డాక్టరును కలిశాను. రక్తం తక్కువని ఒకరన్నారు, అంతా దిగులేనని మరొకరు. ఆ రెండో మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చివరికి ఒక రుమటాలజిస్టు (కీళ్లు, రోగనిరోధక వ్యవస్థ జబ్బుల డాక్టరు) వీటన్నిటినీ కలిపి చూశారు. ఏఎన్‌ఏ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది, అంటే సొంత ఒంటి కణాలకే ఎదురుతిరిగే యాంటీబాడీలు కనిపించాయి. (ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ రావచ్చు, ఆ ఒక్క కాగితం చూసి బెంబేలు పడకండి.) రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ అనడానికి లక్షణాలు చాలవు, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా కాదు. ఇలా ఏ గూటికీ చేరనిదే అన్‌డిఫరెన్షియేటెడ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్, అంటే ఒంటిని కలిపి ఉంచే కణజాలానికి వచ్చే, ఇంకా ఫలానా అని తేలని జబ్బు. ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. చాలామందిలో ఇలాగే నిలకడగా ఉండిపోతుంది. కొందరిలో మాత్రం, ముఖ్యంగా మొదటి 5 ఏళ్లలో, లూపస్ లాంటి జబ్బుగా బయటపడుతుంది. అందుకే బాగానే ఉన్నా రక్త, మూత్ర పరీక్షలు మానకూడదు. నేను వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు (ఈ జబ్బుకిచ్చే మాత్ర, కంటిని దెబ్బతీసే వీలుంది) కంటి పరీక్షలూ తప్పవు.

డాక్టరు గదిలోకి వెళ్లేసరికి నా వేళ్లు మామూలు రంగుకు వచ్చేసేవి. ఫోన్లో ఫొటో తీసి చూపించాకే నా మాట నమ్మారు. ఇలాంటి లక్షణాలున్నవాళ్లు తేదీతో సహా ఫొటోలు తీసి దాచుకోండి.

- ఒక పాఠకురాలు