నానీకి అమ్మ ఉత్తరం

నానీ,

మూడు వారాలైంది నీ గొంతు విని. పరీక్షల టెన్షన్‌లో ఉన్నావేమోనని నేనూ ఫోన్ చేయలేదు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు కాస్త నయం. చిన్నత్త నాలుగు రోజులుండి వెళ్ళింది, నీ గురించే అడిగింది. దుప్పటి పెద్ద సంచిలో అడుగున పెట్టాను, చూసుకున్నావా?

బుజ్జి ఏదో అన్నాడులే. మీకు బిజినెస్ పాఠాలు చెప్పేవాళ్ళు అసలు లెక్చరర్లే కాదనీ, ఒకాయన బ్యాంకులో లోన్లు చూసినవాడనీ, ఒకావిడ ఆడిట్ చేసి వచ్చిందనీ, ఇంకొకాయన సొంత వ్యాపారం మూసేసి వచ్చాడనీ, అందుకే నువ్వు క్లాసులు ఎగ్గొడుతున్నావనీ. నేను నమ్మలేదు. ఊరికే రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడాది చివర ట్రయల్ బ్యాలెన్స్ కలవలేదు, అంటే డెబిట్ వైపు మొత్తం, క్రెడిట్ వైపు మొత్తం సమానం కాలేదు. తేడా 360. కామర్స్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి, డెబిట్ క్రెడిట్ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా మూడు రోజులు లెడ్జర్లన్నీ మొదటినుంచీ కూడుతూ కూర్చున్నాను. అక్క అప్పటికి ఏడాది పిల్ల, అమ్మమ్మ దగ్గర ఏడుస్తూ ఉండేది. మూడో సాయంత్రం పెద్ద గుమాస్తా వచ్చి పుస్తకం ముట్టుకోకుండానే, "ముందు సగం చెయ్యమ్మా. 180 ఎక్కడైనా ఒక వైపు రాయాల్సింది రెండో వైపు రాశావేమో చూడు" అన్నారు. లేదు. "అయితే తొమ్మిదితో భాగించు." శేషం లేకుండా 40 వచ్చింది. "అంకెలు తారుమారు చేసుంటావు. వందల అంకెకూ పదుల అంకెకూ మధ్య నాలుగు తేడా ఉన్న మొత్తాలు వెతుకు" అన్నారు. పది నిమిషాల్లో దొరికింది. 1,260 అని ఉన్నదాన్ని 1,620గా ఎక్కించాను. ఆయన ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు.

పనిచేసిన ప్రతివాళ్ళకీ చెప్పడం చేతకాదు, అది ఒప్పుకుంటాను. తమకు అలవాటైన మెట్లు దాటేసి చెబుతారు. అప్పుడు చెయ్యెత్తి అడగాలి, లేచి బయటికి రాకూడదు. బ్యాంకు సారును ఏ లోన్లు కాదన్నారో, ఎందుకు కాదన్నారో అడుగు. ఆడిట్ మేడమ్‌ను పుస్తకంలో ఉన్న సరుకు గోడౌన్‌లో లేనప్పుడు ఏం చేశారో అడుగు. వ్యాపారం మూసేసిన సారు దగ్గర మాత్రం మొదటి బెంచీలో కూర్చో. అమ్మిన సరుకుకు డబ్బు 90 రోజులకు వచ్చి, కొన్నదానికి 30 రోజుల్లో కట్టాల్సివస్తే, ఆ మధ్య 60 రోజులు జీతాలు ఎక్కడినుంచి తెస్తారు? లెక్కల్లో లాభం కనిపిస్తూనే చేతిలో డబ్బు లేక మూతపడేవి ఉంటాయి నానీ. ఆ రాత్రుళ్ళు ఆయన గడిపి వచ్చినవాడు. నీ ముందు నిలబడి చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు.

లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను. కళ్ళజోడు స్క్రూ బిగించుకున్నావా? రాత్రి లైటు తక్కువలో చదవకు.

క్లాసులకు వెళ్తున్నావు కదూ? వెళ్ళడం లేదన్నా సరే, ఆదివారం ఫోన్ చేసి చెప్పు. కోప్పడను.

అమ్మ