2024-25 వార్షిక నివేదిక: కరెంటు బిల్లులు ఎందుకు పెరిగాయి?

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏటా మన నివేదిక మొక్కలు నాటిన సంగతితో మొదలై జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి ఆ వరుస మార్చాం. గత వేసవి నుంచి మన అపార్ట్‌మెంట్‌లో ఏ ఇద్దరు కలిసినా కరెంటు బిల్లు మాటే వచ్చింది. కార్యవర్గం ఎక్కువ కాలం వెచ్చించిందీ దానిమీదే. అందుకే ముందు ఆ విషయం, చివర్లో క్లుప్తంగా మిగతావి.

ఫిర్యాదులు ఒక్క తీరుగా రాలేదు. ఏసీ లేని ఇంట్లో కూడా వాడకం 200 యూనిట్లు దాటుతోందని కొందరు అన్నారు. ఇంటికి తాళం వేసి ఊరెళ్లిన నెలలోనూ మీటరు తిరిగిందని ఒక సభ్యురాలు రాతపూర్వకంగా ఇచ్చారు. ఉమ్మడి మీటరు బిల్లు ఇలాగే పెరిగితే నెలవారీ మెయింటెనెన్స్ పెంచక తప్పదని కోశాధికారి హెచ్చరించారు. మీటర్లే వేగంగా తిరుగుతున్నాయని, అన్నిటినీ మార్పించాలని చాలామంది పట్టుబట్టారు. రీడింగు తీసే కుర్రాడి మీద, వాచ్‌మన్ గది మీద కూడా అనుమానాలు వినిపించాయి. సభ్యుల్లో విద్యుత్ పని తెలిసిన ఒక విశ్రాంత ఇంజినీరు ఉండటం మన అదృష్టం. ఆయన ముందుపెట్టిన షరతు ఒక్కటే: మీటరును అనుమానించే ముందు బిల్లు చదవాలి, బిల్లు చదివాక ఇల్లు చూడాలి.

బిల్లులో ఏముంది

తెచ్చి చూపించిన బిల్లుల్లో కొన్నింట అసలు యూనిట్లే పెరగలేదు. పెరిగింది ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్. ఏడాది సగటు వాడకాన్ని బట్టి విద్యుత్ సంస్థ దగ్గర మన డిపాజిట్ రెండు నెలల బిల్లుకు సరిపడా ఉండాలి. తక్కువైతే ఆ తేడాను బిల్లులో కలిపి వసూలు చేస్తారు. అది ఖర్చు కాదు, మన పేరున ఉండే డబ్బు, దానికి వడ్డీ కూడా జమ అవుతుంది. కానీ బిల్లు కాగితం మీద చూస్తే పాత బకాయిలాగే ఉంటుంది. ఈ ఒక్క ముక్క చెప్పగానే కొందరు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

మిగిలిన వారిలో ఎక్కువమందిది స్లాబుల సమస్య. తెలంగాణలో 2022-23 నుంచి నడుస్తున్న ధరల ప్రకారం నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, రెండో వందకు 4.80. వాడకం 200 దాటిందా, లెక్క మొదటి యూనిట్ నుంచే మారిపోతుంది. అప్పుడు మొదటి 200కు 5.10 చొప్పున, 201 నుంచి 300 దాకా 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. స్థిర చార్జీలు, సుంకం పక్కన పెడితే 200 యూనిట్లకు 820 రూపాయలు పడుతుంది, 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఆఖరి యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే కుటుంబాలకైతే ఇంకా కష్టం. 200 దాటిన నెలలో మొత్తం బిల్లూ కట్టాల్సిందే.

విజయవాడలో ఉన్న అన్నయ్య బిల్లుతోనో, విశాఖలో ఉన్న చెల్లెలి బిల్లుతోనో పోల్చి చూసుకున్న సభ్యులు ఒకటి గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏ స్లాబులోని యూనిట్లకు ఆ స్లాబు ధరే పడుతుంది. గీత దాటినా కింది యూనిట్ల ధర మారదు. అక్కడి వారి బాధలు వేరు, సర్దుబాటు చార్జీలని ఇంకో పద్దు ఉంటుంది. కాబట్టి ఆ పోలికతో తేలేది ఏమీ లేదు.

గీత దగ్గర ఇంత ఎత్తు మెట్టు ఉంది కనుకనే ఇంట్లో చిన్న వృథా కూడా పెద్ద బిల్లుగా కనిపిస్తుంది. రోజంతా ఎవరి కంటా పడకుండా 60 వాట్లు లాగే వస్తువు ఉందనుకోండి. రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43. నెలకు 180 యూనిట్లు వాడే ఇల్లు దానివల్ల 223కు చేరుతుంది. బిల్లు 724 నుంచి 1,197కు పోతుంది. 43 యూనిట్లకు 473 రూపాయలు! మన ఇళ్లలో ఆ 60 వాట్ల వస్తువు చాలాచోట్ల పాత ఇన్వర్టరే. బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు అది ఎంత ఎక్కించినా నిలుపుకోదు, రాత్రింబవళ్లు చార్జింగ్ లాగుతూనే ఉంటుంది. కరెంటు పోవడం తగ్గిపోయింది కాబట్టి ఇన్వర్టరు పనితీరు ఎవరూ పరీక్షించలేదు. రిమోటుతో ఆపి ప్లగ్గు తీయని టీవీ, సెట్‌టాప్ బాక్సు ఆ తర్వాత. తలుపు రబ్బరు వదులైన ఫ్రిజ్‌లు కూడా దొరికాయి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి.

మెట్ల కింద మీటరు బోర్డు

మీటరు మీద ఎర్రగా మెరిసే చిన్న దీపం అందరూ చూసే ఉంటారు. దాని పక్కన యూనిట్‌కు ఎన్నిసార్లు మెరుస్తుందో రాసి ఉంటుంది. మన బోర్డులో చాలా మీటర్లది 3200. ఇంట్లో అన్నీ ఆపి, మెయిన్ మాత్రం వేసి ఉంచి, ఈ దీపాన్ని చూస్తే కంటపడని వాడకం తెలిసిపోతుంది. నిమిషానికి మూడుసార్లు మెరిస్తే సుమారు 60 వాట్లు. నిమిషానికి పదహారుసార్లైతే 300 వాట్లు, నెలకు 216 యూనిట్లు. ఒకరు పైన ఇంట్లో ఒక్కో ఎంసీబీ (గదులకు కరెంటు ఆపే బోర్డులోని స్విచ్చు) దించుతూ ఫోనులో చెబుతుంటే, ఇంకొకరు కింద టార్చి లైటు పట్టుకుని మెరుపులు లెక్కపెట్టారు. ఏ ఎంసీబీ దించినప్పుడు మెరుపు తగ్గిందో ఆ గదిలో వెతికితే చాలు.

ఈ పరీక్షలోనే మొదటి వింత బయటపడింది. రెండో అంతస్తులో ఒక ఫ్లాటులో మెయిన్ దించితే పక్క ఫ్లాటు మీటరు ఆగింది. అపార్ట్‌మెంట్ కట్టినప్పుడే రెండు మీటర్ల తీగలు తారుమారయ్యాయి. ఇన్నాళ్లూ ఒకరి బిల్లు ఇంకొకరు కట్టారు. ఎవరికి ఎవరు బాకీ అన్నది ఆ రెండు కుటుంబాలూ కాఫీ తాగుతూ తేల్చుకున్నాయి, సంఘం జోక్యం చేసుకోలేదు. తీగలు మాత్రం విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి, వారి లైన్‌మన్ చేతే మార్పించాం. మీటరు సీలు దగ్గర ప్రైవేటు ఎలక్ట్రీషియన్ చెయ్యి పడకూడదు. మంచి ఉద్దేశంతో చేసినా అది కేసు అవుతుంది.

తాళం వేసిన ఇంటి సంగతి అంత తేలిగ్గా తేలలేదు. అక్కడ ఎంసీబీలన్నీ దించినా ఎర్ర దీపం మెరుస్తూనే ఉంది. మీటరు చెడిపోయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని అక్కడున్న వారందరం అనుకున్నాం. ఇంజినీరు గారు మాత్రం మీటరు మీద ఇంకో మూల వెలుగుతున్న ‘ఎర్త్’ దీపం చూపించారు.

కరెంటు ఫేజు తీగలో ఇంట్లోకి వస్తుంది, న్యూట్రల్ తీగలో తిరిగి వెళ్తుంది. రెండింటా ప్రవాహం సమానంగా ఉండాలి. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లు రెండింటినీ కొలుస్తాయి, తేడా ఉంటే ఎక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. ఎర్తు తీగతో మీటరును ఏమార్చే కరెంటు దొంగల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. తేడా ఉన్నప్పుడు ఆ దీపం వెలుగుతుంది. ఈ ఇంట్లోకి ఫేజులో ఏమీ రావడం లేదు, కానీ న్యూట్రల్‌లో ఏదో వెళ్తోంది. ఎవరిది?

పక్క ఫ్లాటుది. ఒకప్పుడు ఆ రెండు ఫ్లాట్లూ ఒకే కుటుంబానివి, రెండింటికీ కలిపి ఒకే ఇన్వర్టరు ఉండేది. ఒక ఫ్లాటు అమ్మేశాక ఇన్వర్టరు తీసేసి ఫేజు తీగ విడదీశారు గాని, న్యూట్రల్ తీగలు గోడలో కలిసే ఉండిపోయాయి. దాంతో పక్కింటి ఫ్రిజ్, గీజరు లాగిన కరెంటులో కొంత ఈ ఇంటి న్యూట్రల్ మీదుగా తిరిగి వెళ్లేది. పక్కింటి మీటరు తన ఫేజును చూసి పూర్తిగా లెక్క కట్టింది, ఈ మీటరు తన న్యూట్రల్‌ను చూసి మళ్లీ కట్టింది. ఒకే కరెంటుకు రెండు బిల్లులు. దించితే ఫేజును మాత్రమే తెంపే పాత ఎంసీబీలు కాబట్టి మెయిన్ దించినా ఉపయోగం లేకపోయింది. గోడలోని జంక్షన్ బాక్సు తెరిచి ఆ ముడి విప్పగానే ఎర్త్ దీపం ఆరింది. రెండు ఇళ్లలోనూ ఫేజు, న్యూట్రల్ రెండూ తెంపే ఐసొలేటరు, దాంతోపాటు లీకేజీ ఉంటే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పెట్టించారు. ఆర్‌సీసీబీ ముందే ఉంటే ఇలా తీగలు కలిసిన మొదటి రోజే పడిపోయేది. మాటిమాటికీ పడిపోతోందని మన దగ్గర కొన్ని ఇళ్లలో దాన్ని తీయించేశారు. అది పడిపోవడం దాని లోపం కాదు, ఎక్కడో లీకేజీ ఉందని చెబుతోంది. 30 మిల్లీయాంపుల తేడాకే కరెంటు ఆపి ప్రాణం కాపాడే పరికరాన్ని విసుగు పుట్టి తీసేయడం ఏం తెలివి?

పరీక్షకు మనం ఒకే ఒక మీటరు ఇచ్చాం. దోషం లేదని తేలింది. ఇంకా అనుమానం ఉన్నవారు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగు వాడకానికి సరిపోవడం లేదని ఫిర్యాదు వస్తే సంస్థ అయిదు రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలి. ముందు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అక్కడ పని జరగకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. నోటిమాట ఫిర్యాదులకు ఎక్కడా విలువ లేదు.

ఉమ్మడి మీటరు, బోరు మోటారు

మన ఉమ్మడి సర్వీసు వాడకం 400 యూనిట్లు దాటే ఉంటుంది కనుక అక్కడ వృథా అయ్యే ప్రతి యూనిట్‌కూ కనీసం 9.50 రూపాయలు పోతుంది. లిఫ్టును అందరూ అనుమానించారు. లిఫ్టు వాటా మేం అనుకున్నదానికన్నా తక్కువ. మొత్తం మింగుతున్నది బోరు మోటారు. 5 హెచ్‌పీ మోటారు గంట నడిస్తే నాలుగు యూనిట్ల పైమాటే.

ట్యాంకు సాయంత్రం నిండుతుంది, తెల్లవారేసరికి అడుగంటుతుంది. రాత్రి నీళ్లు వాడేది ఎవరు? మోటారు ఆపాక బోరు గొట్టంలో గలగలమని నీళ్లు దిగుతున్న చప్పుడు మొదట విన్నది మన వాచ్‌మన్. నీళ్లు వెనక్కి పోకుండా ఆపాల్సిన నాన్ రిటర్న్ వాల్వు అరిగిపోయింది. పైగా ట్యాంకులో పైపు చివర నీటిలో మునిగి ఉండటంతో, ఎక్కించిన నీళ్లు అదే పైపులో తిరిగి బోరులోకి దిగిపోతున్నాయి. భూగర్భం నుంచి తోడి, భూగర్భానికే అప్పగించడానికి మనం చందాలు కట్టాం! వాల్వు మార్చి, పైపు చివరను నీటిమట్టానికి పైకి ఎత్తించాం.

ఆ తర్వాత ఇళ్లలో ఫ్లష్ ట్యాంకుల వంతు. బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలితే చాలు. కింద గిన్నెలో నీలం కనిపిస్తే లోపలి వాల్వు కారుతున్నట్టే. చాలా ఇళ్లలో కనిపించింది. ఇలా కారిన నీటిని పైకి ఎక్కించిందీ ఆ మోటారే కాబట్టి అది కూడా కరెంటు బిల్లే.

వాచ్‌మన్ గది గురించి ఒక మాట రికార్డులో ఉండాలి. ఆ గదిలో ఇండక్షన్ పొయ్యి ఉందని, ఉమ్మడి బిల్లు పెరగడానికి అదే కారణమని కొందరు సభ్యులు ఆయన ముఖం మీదే అన్నారు. కార్యవర్గం చూసింది. గ్యాసు పొయ్యి, ఒక ఫ్యాను, రెండు ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జరు ఉన్నాయి. సెల్లారులోని ఉమ్మడి ప్లగ్గుల్లో ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్ పెట్టుకుంటున్నది మాత్రం సభ్యులే. ఒక్కోటి నిండటానికి మూడు నాలుగు యూనిట్లు పడుతుంది. అక్టోబరు నుంచి ఆ ప్లగ్గులకు సబ్‌మీటరు పెట్టాం. ఎవరి వాడకం వారి మెయింటెనెన్స్‌లో కలుస్తోంది. దీనిమీద అలిగిన సభ్యులు సర్వసభ్య సమావేశంలో తమ వాదన వినిపించవచ్చు.

ఏసీల గురించి ఉపన్యాసం ఇవ్వం. ఏసీలో పెంచే ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి వచ్చే స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవుతాయి. దాన్ని 18కి దించి దుప్పటి కప్పుకునే స్వేచ్ఛ ఎవరిది వారికి ఉంది.

మిగతా పనులు

వర్షాలకు ముందు డ్రైనేజీ పూడిక తీయించాం. సెల్లారులోకి ఈ ఏడాది నీళ్లు రాలేదు. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం, వసూలైన చందాలో మిగిలింది మెట్ల దీపాలకు సెన్సార్లు పెట్టడానికి వాడాం. నాటిన మొక్కల్లో కానుగలు బతికాయి, మిగతావాటి సంగతి అడగవద్దు. గోడల రంగుల పని కొటేషన్ల దగ్గరే ఆగింది. జమాఖర్చుల పత్రం, ఆడిటరు సంతకంతో, విడిగా జతచేశాం.

సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు ఓటుకు వస్తాయి. ఒకటి, ఇంట్లో ఇంటీరియర్ లేదా వైరింగ్ పని చేయించేవారు పని పూర్తయ్యాక మీటరు మీద ఎర్త్ దీపం ఆరి ఉందని సంఘానికి చూపించాలి, ఆర్‌సీసీబీ తప్పనిసరి. రెండు, ఉమ్మడి మీటరు రీడింగు రోజూ ఉదయం రిజిస్టరులో రాయాలి. ఆ పని వాచ్‌మన్ చేస్తారు, దానికి నెలకు ఎంత ఇవ్వాలో సమావేశమే నిర్ణయించాలి. కోశాధికారి ఆరోగ్య కారణాల వల్ల తప్పుకుంటున్నారు కనుక ఆ పదవికి పేర్లు ముందుగా కార్యదర్శికి అందజేయగలరు. కోరం లేక గత సమావేశం వాయిదా పడింది. ఈసారి ఇంటికి ఒక్కరైనా రావాలి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి