ఫెయిలైన పిల్లలకు పట్టుదల ఎక్కడి నుంచి రావాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ ఒకే తరహా కథనాలు వస్తాయి. ఓడిపోయి లేచి నిలబడ్డవాళ్ల ఫొటోలు, వాళ్ల దినచర్య, పక్కన బాక్సులో ఒక నిపుణుడి సలహాలు. చదివాక మనసులో మిగిలేది ఒక్కటే: కొందరికి పట్టుదల రక్తంలోనే ఉంటుంది, లేనివాళ్లు ఎలాగో తెచ్చుకోవాలి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ మాటకు అభ్యంతరం చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇది కొత్త నమ్మకమేం కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్నారు. మొదలే పెట్టనివాళ్లు, మధ్యలో వదిలేసేవాళ్లు, చివరిదాకా వదలనివాళ్లు అని మనుషుల్ని మూడు రకాలుగా విడగొట్టిన పద్యాన్ని మా తరం బళ్లో కంఠతా పట్టింది. స్టాఫ్‌రూముల్లో జరిగేదీ అదే. మెమోలు పంచే రోజునే ‘వీడు మొండిఘటం, సప్లీలో కొట్టేస్తాడు’, ‘వాడి పని అయిపోయింది’ అని తేల్చేస్తారు. అయిపోయిందనుకున్నవాడి దగ్గర కూర్చునే ఓపిక తర్వాత ఎవరికుంటుంది?

పుట్టుక పాత్ర బొత్తిగా లేదని నేననను. బ్రిటన్‌లో పదహారేళ్ల కవల పిల్లలు 2,300 జంటలకు పైగా తీసుకుని చేసిన పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. పట్టు వదలకుండా పని చేసే గుణంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 37 శాతం వంశపారంపర్యమని అందులో తేలింది. ఇక్కడితో ఆపేస్తే రక్తం వాదన గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ అదే పరిశోధనలో, ఒకే ఇంట్లో ఒకే అమ్మానాన్నల దగ్గర పెరిగినందువల్ల వచ్చే పోలిక దాదాపు కనబడనే లేదు. కొలతల్లో దొర్లే పొరపాట్లు పోను, మిగతాదంతా ఎవరికి వారికి విడిగా ఎదురైన అనుభవాలదే. ‘పెంపకం సరిగా లేదు’ అని తల్లిదండ్రుల్ని ఆడిపోసుకునేవాళ్లకూ అందులో దొరికేదేమీ లేదన్నమాట.

ఆ అనుభవాలు ఎలాంటివి అన్నదే అసలు ప్రశ్న. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద చేసిన ప్రయోగం సైకాలజీ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు (ఇవాళ అలాంటిది చేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా). కొన్ని కుక్కలకు కరెంటు షాక్ ఇస్తూ, తలతో పక్కనున్న పలకను నొక్కితే అది ఆగిపోయేలా పెట్టారు. ఇంకొన్నిటికి ఏం చేసినా ఆగదు. తర్వాత వాటిని ఒక పెట్టెలో వదిలారు. మధ్యలో ఉన్న చిన్న అడ్డును దూకితే చాలు, షాక్ తప్పుతుంది. మొదటి రకం దూకాయి. రెండో రకంలో ఎక్కువ భాగం మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. ఏం చేసినా లాభం లేదని అవి నేర్చుకున్నాయని ఆ ఇద్దరూ రాశారు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనలన్నీ చూసి, ఆ ఇద్దరే తాము చెప్పింది తలకిందులుగా ఉందని ఇంకో వ్యాసం రాశారు. కష్టం అదేపనిగా వచ్చి పడుతుంటే చేతులెత్తేయడం ఎవరూ నేర్పనక్కర్లేదట, అది దానంతటదే జరుగుతుంది. నేర్చుకోవాల్సింది ఇంకొకటి: నేను చేసేదానివల్ల ఏదో ఒకటి మారుతుందని. అది ఒక్కసారి అనుభవంలోకి వస్తే తర్వాతి దెబ్బకు మనిషి అంత తేలిగ్గా కూలబడడు. పలక నొక్కిన కుక్కలకు దక్కింది ఇదే. వాళ్లు చేసిన ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే రెండో రకంలోనూ దాదాపు మూడో వంతు కుక్కలు దూకాయి, పుట్టుక వాటా ఏమైనా ఉంటే అక్కడ వెతుక్కోవచ్చు. మనం మాత్రం ఆ మూడో వంతు ఫొటోలే వేసి, మిగతావాటిని ‘మీరెందుకు దూకలేదు’ అని అడుగుతున్నాం.

ఇదంతా చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. ఫస్టియర్ లెక్కలు 1-బి పోయిన పిల్లవాడు నా దగ్గరికొచ్చి చెప్పే మొదటి మాట ‘నాకు లెక్కలు రావు సార్, మా ఇంట్లో ఎవ్వరికీ రావు’. రక్తం సిద్ధాంతం వాడికీ తెలుసు. ఆ పేపరు 75 మార్కులకు. రెండు మార్కుల ప్రశ్నలు పది, చాయిస్ లేదు. నాలుగు మార్కులవి ఏడిచ్చి ఐదు రాయమంటారు, ఏడు మార్కులవీ అంతే. పోయినవాళ్లలో చాలామంది ముందే ఏడు మార్కుల ప్రశ్న పట్టుకుని, రెండు పేజీలు రాసి, అడ్డంగా కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టి టైమంతా పోగొట్టుకుంటారు. బిందుపథం, అక్షాల పరివర్తన అని రెండు చిన్న పాఠాలున్నాయి, ఒక్కోదాంట్లోంచి ఒక నాలుగు మార్కుల ప్రశ్న వచ్చేది. ఆ రెండూ, రెండు మార్కులవన్నీ పట్టుకుంటే 28 మార్కులు, 35 శాతం దాటినట్టే.

వాణ్ణి కూర్చోబెట్టి బిందుపథం లెక్క ఒకటి ఇచ్చేవాణ్ణి. దూరం ఫార్ములా రాస్తాడు, రెండు వైపులా వర్గం చేసేటప్పుడు మైనస్ గుర్తు మింగేస్తాడు, జవాబు రాదు. ‘ఎక్కడ పోయిందో నువ్వే చూడు బిడ్డా’ అని నేను ఇంకో పని చూసుకునేవాణ్ణి. వేలు పెట్టి లైను లైనూ దిగి, ఆ మైనస్ తనే పట్టుకుని, పుస్తకం వెనక జవాబుతో సరిచూసుకుని, ‘సార్, వచ్చింది’ అనేవాడు. ఆ తర్వాతి లెక్క చేయమని నేను చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ‘అయిపోయిన’ పిల్లలే అలా పాసవడం చూశాను. అందరూ కాదు. కానీ మెమోలు పంచే రోజు మేం వేసుకున్న లెక్కకు, సప్లీ ఫలితానికీ పొంతన ఉండేది కాదు.

అలా పక్కన కూర్చునే మనిషి ఎంతమందికి దొరుకుతాడు? ఫలితాలకూ సప్లిమెంటరీకీ మధ్య ఉండేది నెల రోజులు, అదీ మండే మే నెల. కార్పొరేట్ హాస్టళ్లలో అప్పటికి ర్యాంకులు వచ్చే పిల్లల ఎంట్రన్సు బ్యాచులే ఉంటాయి, పోయినవాడు పెట్టె సర్దుకుని ఇంటికొస్తాడు. ప్రభుత్వ కాలేజీల్లో ప్రత్యేక తరగతులు పెట్టమని ఆదేశాలైతే వస్తాయి. రెగ్యులర్ వాళ్లు సెలవుల్లో, గెస్ట్ లెక్చరర్ల కాలం మార్చితోనే చెల్లు. ఒక ఏడాది గది తాళం కోసమే నేను అటెండరు ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. జవాబు పత్రం స్కాన్ కాపీ తెప్పించుకుని ఎక్కడ తప్పు చేశానో చూసుకుందామంటే తెలంగాణలో రీ-వెరిఫికేషన్‌కు పేపరుకు 600 రూపాయలు. కూలికి పోయే ఇంట్లో రెండు పేపర్లు పోయిన పిల్ల ఆ డబ్బు అడగదు. ఏం తప్పు చేసిందో తెలియకుండానే అదే పరీక్ష మళ్లీ రాస్తుంది.

2019 ఏప్రిల్ ఎవరూ మరిచిపోయి ఉండరు. ఒక్క తెలంగాణలోనే మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు, తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు మనకు దక్కకుండా పోయారు. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 మార్కులు. త్రిసభ్య కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్లందరి పత్రాలూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు, వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఒక్కో చావుకు ఒకటే కారణం చెప్పడం తప్పని నాకూ తెలుసు, నేను చెప్పడం లేదు. కానీ ఆ వారమంతా టీవీల్లో పిల్లల మానసిక బలహీనత మీద చర్చలు చూశాను. మార్కులు వేయడం తప్పయినప్పుడు పిల్లల గుండె గట్టిదనం మీద చర్చ ఏమిటి?

తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగాల పరీక్ష సంగతీ చూడండి. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి. హైదరాబాద్‌లో అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని మూడుసార్లూ చదివినవాళ్లకు పట్టుదల పాఠం ఎవరు చెప్పగలరు? మధ్యలో మానేసి ఊరికి పోయినవాళ్లను బలహీనులనడానికి నాకు మనసొప్పదు. ఇంటి దగ్గర అప్పు పెరుగుతుంటే, మళ్లీ పరీక్ష ఉంటుందో లేదో తెలియకపోతే, మానేయడమే తెలివైన పని కావచ్చు. ఎంత ఓడినా వదలకూడదన్న మాట కోచింగ్ సెంటర్లకు బాగా గిట్టుబాటవుతుంది, ప్రతి ఏడూ ఫీజు కట్టేవాళ్లు దొరుకుతారు.

మనం ఎప్పుడూ చెప్పుకునే ఉదాహరణలే తీసుకుందాం. మెట్‌పల్లికి చెందిన అనుదీప్ దురిశెట్టి ఐదో ప్రయత్నంలో సివిల్స్ మొదటి ర్యాంకు కొట్టారు. నిజమే, గొప్ప విషయమే. అప్పటికే ఆయన రెండో ప్రయత్నంలో వచ్చిన ఐఆర్‌ఎస్ ఉద్యోగంలో ఉన్నారన్నది మాత్రం కథనాల్లో అడుగున ఎక్కడో ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి, వ్యవసాయ కూలీల ఇంటి నుంచి వచ్చి, ఇంటర్వ్యూలో తెలుగులోనే మాట్లాడి 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు సాధించిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ బడిలో టీచరు. ఇద్దరి కష్టాన్నీ నేను వీసమెత్తు తగ్గించడం లేదు. నెల మొదట్లో జీతం పడేవాడు ఓడిపోవడం వేరు, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో బతికేవాడు ఓడిపోవడం వేరు అంటున్నాను.

ఇంటర్ బోర్డు చేయగలిగినవి ఉన్నాయి. ఫెయిలైన ప్రతి సబ్జెక్టు జవాబు పత్రాన్నీ అడగకుండానే, డబ్బు తీసుకోకుండానే ఆ విద్యార్థి ఆన్‌లైన్‌లో చూసుకునేలా పెట్టాలి. స్కాన్ చేసే ఏర్పాటు ఎలాగూ ఉంది. గెస్ట్ లెక్చరర్ల కాలాన్ని సప్లిమెంటరీ అయ్యేదాకా పొడిగించి, కనీసం మండలానికి ఒక కాలేజీలో పొద్దుటి పూట తరగతులు నడపాలి. ఏ కాలేజీలో చదివినా, కార్పొరేట్ వాళ్లు వదిలేసిన పిల్లలైనా సరే, అక్కడ కూర్చోనివ్వాలి. ఏ కాలేజీలో ఎంతమంది ఫెయిలై సప్లీలో ఎంతమంది పాసయ్యారో ర్యాంకులతో పాటు బయటపెడితే, ఎవరు ఎవర్ని ఎక్కడ వదిలేస్తున్నారో కూడా తెలుస్తుంది.

మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. ఫలితాల మర్నాడు మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలు వస్తాయి. అవి మీకు ఆదాయం, కాదనను. అదే రోజు, లోపలి పేజీలో అయినా సరే, సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ, రీ-వెరిఫికేషన్‌కు ఎలా దరఖాస్తు చేయాలో, మీ జిల్లా ఎడిషన్ పరిధిలో ఏ కాలేజీల్లో తరగతులు జరుగుతున్నాయో, టెన్షన్ భరించలేకపోతే పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయగల టెలీ మానస్ నంబరు 14416, ఇవన్నీ కనబడేంత పెద్ద అక్షరాల్లో వేయండి. తరగతుల వివరాలు డీఐఈఓ (జిల్లా ఇంటర్ విద్యాధికారి) ఆఫీసులు ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న వార్తే వేయండి.

ఇట్లు,
విశ్రాంత జూనియర్ లెక్చరర్ (గణితం),
హనుమకొండ