రక్తం తీసిన టైము ఎవరు చూస్తారు? హోం మంత్రి గారికి ఒక పాలవ్యాపారి భార్య బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి నమస్కారాలు.

ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాను. నాలుగింటికీ ఫోనులో ఒకటే మెసేజ్ వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడినది." ఏం పరిష్కరించారో అర్జీ పెట్టుకున్న నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

పోయిన నవంబరులో ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఆయన పాలక్యాన్లతో బండి మీద వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. కారు నడిపినవాడు దిగి నిలబడలేక డివైడర్ మీద కూర్చుండిపోయాడట. టీ కొట్టు దగ్గరున్నవాళ్లు పట్టుకుని, వాసన చూసి, పోలీసులకు ఫోన్ చేశారు. ఇరవై నిమిషాల్లో వచ్చారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఊదించే మెషిన్ తేలేదు. అది రాత్రి తాగి నడిపేవాళ్లను పట్టే డ్రైవ్‌కి వెళ్లిందట, ఇంకా రాలేదట.

సరే, రక్తపరీక్ష ఉంది కదా అనుకున్నాం. రక్తం తీసింది ఎప్పుడో తెలుసా అండీ? పొద్దున 10:20కి. రిపోర్టు వచ్చేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో మందు 22 మిల్లీగ్రాములట. 30 దాటితేనే కదా తాగి నడిపినందుకు పెట్టే 185 సెక్షన్. దాటలేదు కాబట్టి ఆ సెక్షన్ తీసేశారు. ఇప్పుడు ఆయన తాగి గుద్దినవాడు కాదు, "నిర్లక్ష్యంగా" నడిపినవాడు.

నేను పదో తరగతే చదివాను. అయినా లెక్క వేసుకున్నాను. ఎక్కిన మందు వంద మిల్లీలీటర్ల రక్తంలో గంటకు దాదాపు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుందని డాక్టర్లు చెప్తారు, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. నాలుగున్నర నుంచి పదీ ఇరవై దాకా దగ్గర దగ్గర ఆరు గంటలు. ఆరు పదిహేనులు తొంభై. 22కి కలపండి. ఈ కూడిక ఎవరి ఫైల్లోనూ లేదు.

అసలు నాకు మండింది ఎక్కడంటే, కాగితం మీద ఎవరి తప్పూ లేదు. మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ ప్రకారం 185 కింద అరెస్టు చేసినవాడికి 2 గంటల్లో డాక్టరు పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. ఆ రెండు గంటలు యాక్సిడెంట్ అయినప్పటి నుంచి కాదు, అరెస్టు రాసినప్పటి నుంచి! ఆయన్ని స్టేషన్లో కూర్చోబెట్టింది తెల్లారకముందే. అరెస్టు రాసింది 9 గంటలకు. 10:20 అంటే గంటా ఇరవై నిమిషాలు, రూలు ప్రకారమే. ఆ మధ్యలో ఆయనకి ఇడ్లీలు, మంచినీళ్లు, ఫోన్లు. మా ఆయనకి స్ట్రెచర్ కూడా దొరకలేదు లెండి, అది వేరే శాఖ.

2019లో చట్టం మార్చి, తాగి నడిపి మొదటిసారి దొరికితే జరిమానా 2 వేల నుంచి 10 వేలకు పెంచారు, ఆరు నెలల దాకా జైలూ ఉంది. రెండోసారి దొరికితే 15 వేలు, రెండేళ్ల దాకా జైలు. ఇది చాలదు, శిక్షలు ఇంకా పెంచాలని టీవీలో పెద్దలు అంటుంటే వింటున్నాను. పెంచండి. పదిలక్షలు చేయండి. రక్తం ఆరు గంటల తర్వాత తీస్తే పదిలక్షలైనా సున్నాయే కదండీ! తాగి నడిపితే మొదటిసారైనా సరే కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపమని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఇక్కడ తాగినట్టే తేలలేదు, ఆపడానికేముంది? ఆ కారు మా వీధి చివర నుంచే వెళ్తుంది. హారన్ వినపడితే మా ఆయన టీవీ సౌండ్ పెంచుతారు.

ఆపరేషన్ కార్డు మీద జరిగింది, కాదనను. కానీ కాల్లో రాడ్ ఉన్న మనిషి గొంతుక్కూర్చుని పాలు పితకలేడు. రెండు గేదెలు అమ్మేశాం. మిగిలిన ఒక్కదాన్ని నేనే చూసుకుంటున్నాను, క్యాన్లు మా పెద్దాడు సైకిల్ మీద వేస్తున్నాడు. వాడు తిరిగి వచ్చేదాకా నాకు టెన్షనే. వాడికి ఈ ఏడు ఇంటర్ పరీక్షలు.

99 రూపాయలకే క్వార్టర్ అందేలా చూసిన ప్రభుత్వం మనది. ప్రతి స్టేషన్లో రాత్రంతా ఉండేలా ఇంకొక ఊదే మెషిన్ ఇవ్వడం అంత బరువా అండీ? మెషిన్ లేకపోతే రక్తం వెంటనే తీయించండి. టైము గుద్దినప్పటి నుంచి లెక్క పెట్టించండి. చట్టం ఢిల్లీది, మార్చడం మా చేతుల్లో లేదంటారేమో. స్టేషన్లకు ఆర్డరు వేయడం మీ చేతుల్లోదే. రక్తం వెంటనే తీయించండి, మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నాను. మా కేసులో అరెస్టు 9 గంటలకు ఎందుకు రాశారో కూడా ఎవరితోనైనా చెప్పించండి, నాకు కోపం లేదు, తెలుసుకోవాలని ఉంది.

వచ్చే సోమవారం అయిదో అర్జీ పట్టుకుని వస్తున్నాను. ఈసారి మెసేజ్ పంపకండి. ఫోన్ పిల్లాడి దగ్గర ఉంటుంది, పాలు వేస్తూ చూసుకుంటాడు.

ఇట్లు,
ఒక పాలవ్యాపారి భార్య