పేరు రాయొద్దన్న మాస్టారికి

మాస్టారూ, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కృతజ్ఞతలు మాత్రం నలుగురిలోనే చెప్పుకుంటాను.

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పరిచయమయ్యారు. పైసా తీసుకోకుండా నా నవల మొత్తం పెన్సిల్ పట్టుకుని చదివారు. సింహాచలం కొండ కింద నిద్రపోయే యక్షుడి కథ అది. అతనికి చావే లేదని రాసిన చోట, పక్కన మీ ప్రశ్న: ‘మరి చదివేవాళ్లకి టెన్షన్ ఎక్కడిదమ్మా?’ తర్వాత హిరణ్యకశిపుడి వరం గుర్తు చేశారు. పగలు కాదు, రాత్రి కాదు, ఇంట్లో కాదు, బయటా కాదు. అన్ని షరతులున్నా సంధ్యవేళ, గడప మీద నరసింహుడికి దారి దొరికింది. ‘నీ యక్షుడికీ ఒక గడప పెట్టు’ అన్నారు. చివరి అధ్యాయాలకి ప్రాణం వచ్చింది అక్కడే.

యక్షుడి ముఖ వర్ణన రెండో పేజీలో ఉండేది. బాణం గుర్తు వేసి చాలా పేజీల తర్వాతికి జరిపారు. సింహాచలం అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడే చూపిస్తాడు, తొందరేముంది అన్నారు. పురాణాన్ని ఇంత ప్రేమగా కథ పనికి వాడటం నేనెక్కడా చూడలేదు.

జాలారిపేట పడవవాళ్ల సంభాషణల్లో మాత్రం ఒక్క కామా కూడా ముట్టుకోలేదు. ఏది వదిలేయాలో తెలిసిన ఎడిటర్ దొరకడం నిజంగా అదృష్టం.

రెండో భాగం మొదలుపెట్టాను. అదీ చూస్తానన్నారు. అందుకు ముందుగానే నమస్కారాలు మాస్టారూ.