లొద్ది అంటే దేవుడి ఇంటిపేరు కాదు

మొన్న మీ పేపర్ల నల్లమల జాతరల మీద వచ్చిన వార్తలో లొద్ది మల్లయ్య దేవుడి గురించి చెప్పుకుంట లొద్ది ఏదో ఆయన ఇంటిపేరు లెక్క రాసిండ్రు, అది తప్పు, మా అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు లొద్ది అంటే గుట్టల నడుమ లోతుగ కోసుకపోయిన ఇరుకు లోయ, అండ్ల ఉన్న మల్లయ్య కాబట్టి లొద్ది మల్లయ్య, అంతే. లో, లోతు, లోయ అనే మాటలకు ఇది కూడా చుట్టమే అని నాకనిపిస్తది, పండితులు ఏమంటరో మరి. ఒర్రె వేరు, అది వాన పడితే పారే చిన్న కాలువ, చేను గట్టు పక్కన కూడా ఉంటది, లొద్దికైతే గుట్ట ఉండాల్సిందే, దిగాలె, మళ్ల ఎక్కాలె. తొలి ఏకాదశికి లొద్ది మల్లయ్య జాతరకు పోతే తెలుస్తది, పాచి పట్టిన బండల మీద చెప్పులు చేతుల పట్టుకొని దిగుడు. పట్నం నుంచి వచ్చేటోళ్లు రోడ్డు పక్క గుడి అనుకొని ముసలోళ్లను, చంటిపిల్లలను తీసుకొస్తరు, సగం దిగినంక కూలబడ్తరు. దారి మొదట్లనే బోర్డు పెట్టి లొద్ది అంటే ఏంది, ఎంత దిగాలె అని రాయాలె, రాసేముందు అక్కడి చెంచు పెద్దోళ్లను అడగాలె, మీరు కూడా జిల్లా ఎడిషన్ల ఇసొంటి మాటల పక్కనే అర్థం ఇయ్యాలె.

– ఒక పాఠకుడు, అచ్చంపేట